పాత లెక్కల ప్రోగ్రాములు – మామూలు మరమ్మతులు

(హోసూరులో మన సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

పరాభవ నామ సంవత్సరం మీకు, మీ పిల్లలకు శుభమిచ్చుగాక.

పేరు విని ఎవరూ బెదరనక్కరలేదు. అరవై పేర్ల వరుసలో ఇది నలభైయవది. దాని వంతు వచ్చింది, వచ్చి కూర్చున్నది, అంతే. అయితే ఈ వరుసలో మా వృత్తికి సరిపోయే చిక్కు ఒకటి ఉన్నది. ఇదివరకటి పరాభవ 1966లో వచ్చింది. అంతకుముందుది 1906లో. తాతగారి పెట్టెలో ఒక అప్పుపత్రం దొరికి, దానిమీద పరాభవ సంవత్సరం చైత్ర శుద్ధ పాడ్యమి అని మాత్రమే ఉంటే, అది ఏ పరాభవయో ఎట్లా తెలియడం? అందుకనే మన పెద్దలు దస్తావేజులలో పేరుతోబాటు శాలివాహన శకం అంకె కూడ వేసేవారు. 1966కు 1888, ఈ యేటికి 1948. ఆ అంకె వెయ్యని పత్రం ఎట్టిదో, సంవత్సరానికి రెండే అంకెలు ఉంచిన కంప్యూటరు ప్రోగ్రాము అట్టిది. 66 అంటే 1966 అని వ్రాసినవారికి తెలుసును. యంత్రానికి తెలియదు.

ఆ రెండంకెల పొదుపు 2000 సంవత్సరం దగ్గరపడేసరికి లోకానికంతకూ ఎంత పని కల్పించిందో ఈ సభలో చాలామందికి జ్ఞాపకం. హైదరాబాదు అమీర్‌పేటలో ఇరుకు గదులలో కోబాల్ నేర్చుకొని విమానమెక్కిన కుర్రవాళ్ళ తలిదండ్రులు ఇక్కడ కూడ ఉన్నారు. వారంతా వెళ్ళి చేసినది కొత్త కట్టడం కాదు, మరమ్మతు. ఆ మరమ్మతు రెండు విధాలుగా జరిగింది. కొందరు రెండంకెల స్థలాన్ని నాలుగంకెలకు పెంచారు. ఎక్కువమంది, గడువు మీదపడుతున్నదని, ఒక గీత గీశారు. 50కు లోపలి అంకె వస్తే 2000 తరువాతిదిగాను, పైదయితే 1900 తరువాతిదిగాను అనుకొమ్మని యంత్రానికి చెప్పారు. గీత ఒక్కొక్క చోట ఒక్కొక్క అంకెమీద గీశారు. మేము ఆ రెండవ పద్ధతిని తప్పుపట్టము. జనవరి 1 ఎవరికోసమూ ఆగదు. అయితే ఆ గీతలు ఎక్కడ గీశారో వ్రాసిపెట్టినవారు తక్కువ. ఆ గీతలు ఇంకా ఎన్నో ప్రోగ్రాములలో అట్లాగే ఉన్నవి.

పండుగపూట ఈ సంగతి ఎత్తడానికి కారణం ఉన్నది. ఉగాది, కచేరీల లెక్కల సంవత్సరం ముగింపు, రెండూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. మార్చి 31 రాత్రి ఈ సభలోని ఇళ్ళలో సగం ఇళ్ళకు ఒక మనిషి భోజనానికి రాడు. కొత్త పన్ను రేట్లు, కొత్త బిల్లు నంబర్లు, కొత్త సెలవుల లెక్క, ఇవన్నీ పాత ప్రోగ్రాములో ఎక్కించే రాత్రి అది. ఉద్యోగం ఏమిటమ్మా అని అడిగితే తల్లులు కొంచెం గొంతు తగ్గించి, "మావాడు సపోర్టులో ఉన్నాడండీ" అంటారు. పెండ్లిచూపులలో ఆ మాట చెప్పవలసివస్తే, కొత్త ప్రాజెక్టు వస్తుందిలెండి అని ఒక తోక కూడ తగిలిస్తారు. మరమ్మతు చేసేవాడు రెండవ రకం పనివాడని మనమే అనుకొంటున్నాము. మేము ఆ మాటకు ఒప్పుకోము. ఎందుకు ఒప్పుకోమో ఒక జీతాల ప్రోగ్రాము కథతో చెబుతాము.

ముందు ఒక మాట. ప్రోగ్రాము ఇనుము కాదు, తుప్పు పట్టదు. 1985లో వ్రాసిన కూడిక ఈ రోజు కూడ అదే జవాబు చెబుతుంది. మరి పాతబడడం ఏమిటి? లోకం మారుతుంది. చట్టం మారుతుంది, రేటు మారుతుంది, రాష్ట్రం మారుతుంది. మేర్ లేమన్ అనే ఆయన 1970 దశకంలో పెద్ద ప్రోగ్రాములు ఎట్లా ఎదుగుతవో పరిశీలించి రెండు సూత్రాలు చెప్పాడు. వాడుకలో ఉన్న ప్రోగ్రామును ఎప్పటికప్పుడు మారుస్తూ ఉండకపోతే అది పనికి తక్కువవుతూ పోతుందనేది ఒకటి. మార్చినకొద్దీ దానిలో చిక్కు పెరుగుతుంది, ఆ చిక్కు తగ్గించడానికి విడిగా పాటుపడితే తప్ప, అనేది రెండవది. అంటే మార్చకపోయినా చెడుతుంది, ఊరికే మార్చినా చెడుతుంది. మార్చేటప్పుడే ఆ చోటును కొంచెం శుభ్రం చెయ్యడమొకటే దారి.

ఇక కథ. 1970 దశకంలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చిన తరువాత మన హోసూరు చుట్టుపట్ల పెద్దవీ చిన్నవీ ఎన్ని కర్మాగారాలు వెలిశాయో మీకు చెప్పనక్కరలేదు. వాటిలో ఒక దానిలో, పేరు మనకు అవసరం లేదు, జీతాల లెక్క కోబాల్‌లో వ్రాసిన ప్రోగ్రామొకటి చేస్తుండేది. వ్రాసినవారు ఎప్పుడో రిటైరయినారు. 2014 సెప్టెంబరు 1 నుంచి ప్రావిడెంటు ఫండుకు జీతపు పరిమితి 6500 రూపాయల నుంచి 15000కు పెరిగింది. పని చూడబోతే అరగంట. ప్రోగ్రాములో 6500 ఎక్కడున్నదో వెతకడం, 15000 అని దిద్దడం.

మా బృందంలోని ఒక అమ్మాయి వెతికింది. అయిదు చోట్ల దొరికింది. నాలుగు చోట్ల అది ఫండు పరిమితి. అయిదవ చోట పండుగ అడ్వాన్సు పరిమితి! యాదృచ్ఛికంగా అదీ 6500. కళ్ళు మూసుకొని దిద్ది ఉంటే ఆ దీపావళికి ప్రతివారికీ 15000 అడ్వాన్సు వచ్చేది. కార్మికులు సంతోషించేవారు, యజమాని సంతోషించేవాడు కాదు. అది చిన్న ప్రమాదమే. కనబడే తప్పు కాబట్టి మరునాడే పట్టుబడుతుంది.

అసలు ప్రమాదం 6500 అని వెతికితే దొరకనిది. కొంచెం లెక్క చెప్పాలి, ఓపిక పట్టండి. యజమాని ఫండుకు వేసే 12 శాతంలో 8.33 శాతం పింఛను ఖాతాకు పోతుంది, మిగిలినది ఫండులో పడుతుంది. పింఛను భాగానికి పరిమితి జీతం మీదనే లెక్క. 6500 మీద 8.33 శాతం 541 రూపాయలు. పూర్వం ఒక పుణ్యాత్ముడు, ప్రతిసారి గుణించడం ఎందుకని, 541 అనే అంకెను తిన్నగా ప్రోగ్రాములో వ్రాసేశాడు. దానికి పేరు లేదు, వివరం లేదు. దాని పైవరుసలో, పని చెయ్యకుండా గుర్తుపెట్టి ఆపిన ఒక పాత వరుసలో, 417 అని ఉన్నది. 2001కి ముందు పరిమితి 5000గా ఉండేది. 5000 మీద 8.33 శాతం ఆ 417. పురావస్తు త్రవ్వకాలలో పొరలవలె అన్నమాట.

ఆ 541ని వదిలి తక్కినవి దిద్దితే ఏమయ్యేది? జీతం 15000 ఉన్న కార్మికునికి యజమాని వాటా 1800. అందులో పింఛనుకు 1250, ఫండుకు 550 పోవాలి. తప్పు ప్రోగ్రాము పింఛనుకు 541, ఫండుకు 1259 వేస్తుంది. మొత్తం చూడండి, మళ్ళీ 1800! జీతపు చీటీలో కోత మారదు, యజమాని ఖర్చు మారదు, పద్దుల మొత్తం పైసాతో సహా సరిపోతుంది. ఆడిటరు మొత్తం చూసి సంతకం పెడతాడు. తలా ఒక్కంటికి నెలకు 709 రూపాయలు పింఛను ఖాతాలో తక్కువ పడుతూ పోతుంది. ఆ సంగతి బయటపడేది ఎప్పుడు? కార్మికుడు జుట్టు నెరిసి పింఛను కాగితాలు పట్టుకొని కచేరీ మెట్లెక్కినప్పుడు కావచ్చును.

అది జరగలేదు. ఎందుచేత జరగలేదంటే, ఆ అమ్మాయి ప్రోగ్రాముమీద చెయ్యి వేసేముందు ఒక పని చేసింది. ఆగస్టు నెల జీతాల వివరాలను పాత ప్రోగ్రాముచేతనే మరొకసారి నడిపించి, వచ్చిన జవాబులన్నీ భద్రపరచింది. తరువాత జీతాల గుమాస్తాగారి దగ్గర కూర్చున్నది. ఆయన బేరికె వైపు మనిషి, మన తెలుగువాడే, ముప్పది యేండ్లుగా జీతాలు చూస్తున్నవాడు. "తాతా, ముగ్గురి లెక్క చేత్తో వేసిపెట్టు" అన్నది. ఆయన పరిమితికి లోపల ఒకరు, సరిగ్గా పరిమితి మీద ఒకరు, పైన ఒకరు, ముగ్గురికి కొత్త చట్టం ప్రకారం కాగితంమీద వేశాడు. వేస్తూ వేస్తూ, "పింఛను భాగం 1250 అవుతుందమ్మా, ఆ 541 ఎక్కడున్నదో చూసుకో" అన్నాడు. ఆ మాట ఏ పుస్తకంలోను లేదు. ఆయన మనస్సులో ఉన్నది. ఆయన మరుసటి యేడు రిటైరయినాడు.

ఆ తరువాత ఆమె చేసిన క్రమమే మేము ఈ రోజు చెప్పదలచిన విషయం. ఆమె ముందు అంకెలు మార్చలేదు. ముందు అంకెలకు పేర్లు పెట్టింది. 6500 ఉన్న నాలుగు చోట్ల ఫండు పరిమితి అనే ఒకే పేరు వ్రాసి, ఆ పేరుకు విలువ 6500 అని ఒక్కచోట చెప్పింది. అడ్వాన్సుకు వేరే పేరు. 541ని తీసివేసి, పరిమితిని 8.33 శాతంతో గుణించి దగ్గరి రూపాయకు సరిచేసే ఒక వరుస వ్రాసింది. ఇంతవరకు చట్టం పాతదే, విలువలు పాతవే. ఇప్పుడు ఆగస్టు వివరాలు మళ్ళీ నడిపింది. పాత జవాబులకూ కొత్త జవాబులకూ ఒక్క పైసా తేడా రాలేదు. అప్పుడు, అప్పుడు మాత్రమే, 6500ను 15000 చేసింది. ఒక వరుస. గుమాస్తాగారి మూడు కాగితాలతో సరిచూసింది. సరిపోయింది.

అరగంట పని రెండు రోజులయింది. పైఅధికారి ముఖం చిట్లించినమాట నిజమే. అయితే ఆ పరిమితి మళ్ళీ పెరిగేనాడు అక్కడ కూర్చునే కుర్రవాడు ఒక్క వరుస దిద్దుకొని ఇంటికి పోవచ్చును.

ఇక్కడ గట్టిగా పట్టుకోవలసినది ఒకటి ఉన్నది. జవాబు మారకుండా రూపం సరిదిద్దడం ఒక పని. జవాబునే మార్చడం మరొక పని. రెండూ ఒకేసారి చేస్తే, తేడా వచ్చినప్పుడు అది చట్టం తెచ్చిన తేడాయో, మన చెయ్యి తెచ్చిన తేడాయో ఎవరూ చెప్పలేరు. ఈ మొదటి పనిని రీఫాక్టరింగ్ అంటారు, దానిమీద 1999లో మార్టిన్ ఫౌలర్ పెద్ద పుస్తకమే వ్రాశాడు. 2004లో మైకేల్ ఫెదర్స్ అనే ఆయన మరొక పుస్తకంలో, సరిచూచే పరీక్షలు లేని కోడే పాత కోడు అని తేల్చాడు, అది నిన్న వ్రాసినదయినా సరే. మాకు ఆ నిర్వచనం నచ్చింది. వయస్సు కాదు లెక్క, దాన్ని ముట్టుకోవడానికి మనకు ధైర్యం ఉన్నదా లేదా అనేది లెక్క.

కోబాల్ సంగతి కొంచెం చెప్పాలి, ఆ పేరు వింటే కుర్రకారు ముక్కు విరుస్తారు గనుక. 1959లో అమెరికాలో ప్రభుత్వం, యంత్రాలు చేసే కంపెనీలు కలిసి ఒక సంఘం పెట్టుకొని, వ్యాపారపు లెక్కలకు అన్ని యంత్రాలమీద నడిచే భాష ఒకటి కావాలని దానిని కల్పించారు. గ్రేస్ హాపర్ అనే విదుషీమణి అంతకుముందు చేసిన భాష దానికి పునాది. అప్పుడు ఒక్కొక్క వరుస ఒక్కొక్క అట్టకార్డుమీద ఉండేది, కార్డుకు 80 గళ్ళు. మొదటి ఆరు గళ్ళు వరుస నంబరుకు. కార్డుల కట్ట చేజారి చెదరితే మళ్ళీ వరుసలో పేర్చుకోవాలి గదా! కార్డులు పోయి ఎన్నో యేండ్లయినా ఆ ఆరు గళ్ళు ఖాళీగా వదిలిన ప్రోగ్రాములు ఈనాటికీ నడుస్తున్నవి.

పాత కోబాల్‌లో వాక్యం చివర చుక్క పెడితేనే షరతు ముగిసినట్లు. ఒక చుక్క పొరపాటున ముందు పడితే, షరతుకు లోబడవలసిన మాట అందరికీ వర్తిస్తుంది. రాత్రి షిఫ్టువారికి మాత్రమే ఇవ్వవలసిన భత్యం ఊరందరికీ పోతుంది. 1985లో వచ్చిన కోబాల్‌లో షరతు ఇక్కడ ముగిసింది అని స్పష్టంగా చెప్పే మాటలు చేర్చారు. అటు పొమ్ము, ఇటు పొమ్ము అని దూకించే గో టు ఆజ్ఞలమీద 1968లోనే డైక్‌స్ట్రా పండితుడు ధ్వజమెత్తాడు. అంతకంటె ఘోరమైనది ఆల్టర్ అనే ఆజ్ఞ. ప్రోగ్రాము నడుస్తూ ఉండగానే ఆ దూకే గమ్యాన్ని మార్చేస్తుంది. చదివేవాడికి కనబడే దారి ఒకటి, యంత్రం పోయే దారి ఒకటి. 2002 ప్రమాణంలో దానిని తీసివేశారు. మంచిదే అయింది.

మనకు కావలసిన సంగతి ఏమిటంటే, కొత్త రూపం, పాత రూపం ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన బ్రతుకుతవి. నూరు పేజీల ప్రోగ్రామును ఒక్కరాత్రిలో తిరగ వ్రాయనక్కరలేదు. ఈ నెల భత్యం పేరాలో పని పడిందా, ఆ పేరావరకు చుక్కలు తీసి, ముగింపు మాటలు పెట్టి, దూకుళ్ళు తగ్గించండి. వచ్చే నెల సెలవుల పేరా. ముట్టుకోనవసరం లేనిదాన్ని ముట్టుకోవద్దు. పదేండ్లుగా తప్పు లేకుండా నడిచే పేరాను, చూడడానికి వికారంగా ఉన్నదని దిద్దబోయేవారు మా మధ్య లేకపోలేదు. వారి ఉత్సాహానికి ఒక నమస్కారం.

నడవని కోడు సంగతి వేరు. అది ఇంటి అటకమీది పాత సామానువంటిది, ఉంటే ఉన్నదిలే అనుకొంటాము. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ కాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ తన ప్రోగ్రాములో ఒక మామూలు మార్పు చేసింది. కొత్త పనికి గుర్తుగా, ఎన్నో యేండ్లుగా వాడని ఒక పాత పని గుర్తునే వాడుకొన్నారు. ఎనిమిది యంత్రాలలో ఏడింటికి కొత్త కోడు ఎక్కింది, ఒకదానికి ఎక్కలేదు. ఆ ఒక్కదానిలో 2003 నుంచి నిద్రపోతున్న పాత కోడు లేచి కూర్చున్నది. సుమారు 45 నిమిషాలలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మరుసటి యేడు ఆ సంస్థ మరొకదానిలో కలిసిపోయింది. కనుక అక్కడ పని పడినప్పుడే, నడవదని రుజువు చూచుకొని, తీసివేయండి. పాత ప్రతి భద్రపరచే ఏర్పాటు నేడు ప్రతి కచేరీలోను ఉన్నది, కావాలంటే మళ్ళీ వస్తుంది.

మన చిన్న పరిశ్రమలవారు, ఈ కోబాల్ గొడవ మాకెందుకు అనవచ్చును. కృష్ణగిరి మామిడిగుజ్జు కర్మాగారాలలోనూ, హోసూరు విడిభాగాల షెడ్లలోనూ ఫాక్స్‌ప్రోలో వ్రాసిన బిల్లు ప్రోగ్రాములు మేము ఎన్నో చూశాము. ఆ ఫాక్స్‌ప్రోకు చేసిన కంపెనీవారి అండ 2015 జనవరితో ఆగిపోయింది. ప్రోగ్రాము మాత్రం ఆగలేదు.

అందులోనూ మనది మూడు రాష్ట్రాల కూడలి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. హోసూరు షెడ్డువాడు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగుళూరుకు సరుకు పంపితే ఒక రకం పన్ను, మూడువందల కిలోమీటర్ల దూరంలో ఉన్న చెన్నైకి పంపితే రెండు ముక్కలుగా మరొక రకం. జూజువాడి దాటితే 29, ఇవతల 33, కుప్పం వైపు పోతే 37. రాష్ట్రం విడిపోయిన తరువాత తెలంగాణకు 36 ఇచ్చారు, ఆంధ్రకు పాత 28 పోయి 37 వచ్చింది. బిల్లు ప్రోగ్రాములో ఊరి పేరునుబట్టి పన్ను తేల్చే వరుసలు మేము చూశాము. బెంగుళూరు అయితే ఇది, మదరాసు అయితే అది. చిరునామాలో చెన్నై అని వ్రాస్తే దానికి తెలియదు!

అట్టి చోట రేటును ప్రోగ్రాములో వ్రాయవద్దు. ఒక పట్టికలో, ఏ సరుకుకు ఏ తేదీ నుంచి ఏ రేటు అని వ్రాసుకోండి. తేదీ ముఖ్యం. 2025 సెప్టెంబరు 22న రేట్లు మారినప్పుడు 350 సీసీ వరకు ఉన్న మోటారు సైకిళ్ళకు 28 శాతం పోయి 18 వచ్చింది. ఆగస్టులో 28 శాతానికి అమ్మిన బండి అక్టోబరులో తిరిగివస్తే, ఆ వాపసు చీటీ 28 ప్రకారమే వెయ్యాలి. 28ని చెరిపి 18 వ్రాసినవారు ఆ రోజు నోరు తెరిచారు. తేదీల పట్టిక ఉన్నవారికి అది లెక్కలోనికే రాలేదు. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక సంహితలు అమలులోకి వచ్చి, జీతం అనే మాటకే కొత్త అర్థం చెప్పాయి. మినహాయించిన భత్యాలు మొత్తంలో సగం దాటితే దాటినంత జీతంలో కలుస్తుంది. కాబట్టి జీతాల ప్రోగ్రాములన్నీ మళ్ళీ తెరవవలసినవే. తెరిచినప్పుడే మేము చెప్పిన పని చెయ్యడానికి వీలు.

ఇన్ని తిప్పలెందుకు, మొత్తం పడగొట్టి కొత్తది కట్టుకోరాదా అని మాలో ప్రతివారినీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కట్టుకోవచ్చును. యంత్రమే దొరకనప్పుడు, వ్యాపారమే మారిపోయినప్పుడు తప్పదు కూడ. కాని బ్రిటనులో టీఎస్‌బీ బ్యాంకువారు 2018 ఏప్రిల్‌లో తమ ఖాతాలన్నింటినీ ఒక్క వారాంతంలో కొత్త ఏర్పాటుకు మార్చబోతే, పందొమ్మిది లక్షలదాకా ఖాతాదారులు తమ డబ్బు తాము చూచుకోలేకపోయినారు. 2022లో ఆ బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా పడింది. పాత ప్రోగ్రాములో ఎవరూ కాగితంమీద పెట్టని 541లు వేలకొద్దీ ఉంటాయి. కొత్తది వ్రాసేవాడికి అవి ఎవరు చెబుతారు?

మన కృష్ణగిరి ఆనకట్టనే చూడండి. 1950 దశకంలో దక్షిణ పినాకినిమీద కట్టినది, ఎనిమిది తలుపులు. 2017 నవంబరులో ఒక తలుపు విరిగింది. నిలువ ఉన్న నీటిలో ఎంతో భాగం వదిలివేయవలసి వచ్చింది, దిగువ జిల్లాలకు హెచ్చరికలు పంపారు. ఆ తలుపును మార్చి, ఆపైన మిగిలినవాటినీ మార్చారు. ఆనకట్టను పడగొట్టలేదు. మాకు కష్టమనిపించేది ఒక్కటే, విరిగిన తరువాత మార్చడంవల్ల నీళ్ళు పోయినవి. ప్రోగ్రాములో విరిగేదాకా ఆగనక్కరలేదు, ప్రతి నెలా ఏదో ఒక తలుపు దగ్గరకు మనల్ని ఎట్లాగూ పిలుస్తారు.

ఈ మధ్య కోడు వ్రాసే కృత్రిమ మేధ వచ్చింది, కోబాల్‌ను జావాలోనికి తిప్పుతానంటుంది. మేము వాడుతున్నాము. చదివి అర్థం చెప్పడంలో గట్టి సహాయమే. ఆ 541ని చూపితే, ఇది ఏదో పరిమితి అయి ఉండవచ్చునని చెబుతుంది. బేరికె తాతగారు చెప్పినట్లు ఖండితంగా మాత్రం, మీ కర్మాగారంలో దాని వెనుక ఉన్న కథ తెలియకుండా, అది చెప్పలేదు. అది వ్రాసి ఇచ్చినదానికి కూడ పాత జవాబులు, చేత్తో వేసిన మూడు కాగితాలు, ఇవే పరీక్ష.

కనుక తల్లులారా, మీ పిల్లవాడు సపోర్టులో ఉన్నాడంటే గొంతు తగ్గించకండి. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో న్యూజెర్సీ గవర్నరు, నిరుద్యోగ భృతి ఇచ్చే పాత యంత్రాలు తట్టుకోలేకపోతున్నవి, కోబాల్ తెలిసినవారు వచ్చి సాయపడండి అని పత్రికలవారి ఎదుట బహిరంగంగా అడిగాడు. ఉద్యోగాలు పోయిన లక్షలమంది ఇంటి బియ్యం ఆ ప్రోగ్రాములమీద ఆధారపడి ఉన్నది ఆ నెల. అట్టి పని చేసేవాడు ఎందులో రెండవ రకం?

యజమానులకు మా మనవి మరొకటి. అరగంట పనికి రెండు రోజులు అడిగే కుర్రవానికి ఆ రెండు రోజులు ఇవ్వండి. దొంగచాటుగా చెయ్యనివ్వకండి. ఏమి దిద్దినదీ, ఎందుకు దిద్దినదీ వ్రాసి ఇమ్మనండి. రిటైరు కాబోయే గుమాస్తాగారి పక్కన ఒక నెల కూర్చోబెట్టండి.

భోజనాల తరువాత మేము నలుగురం ఈ హాలు వెనుక గదిలో కూర్చుంటాము. జీతాల ప్రోగ్రామో, బిల్లు ప్రోగ్రామో పాతది ఉన్నవారు వచ్చి మాట్లాడవచ్చును. వచ్చేటప్పుడు కార్మికుల పేర్లు చెరిపిన కిందటి నెల జీతాల పట్టిక ఒకటి, ప్రోగ్రాము ప్రతి ఒకటి తెండి. లెక్క తెలిసిన మనిషి ఎవరైనా మీ కచేరీలో ఇంకా మిగిలి ఉంటే, ఆయనను కూడ తీసుకొని రండి. ఉగాది పచ్చడి ఆయనకు కూడ ఉంచాము.